బస్టాండు బోర్డు ఎవరికి చెప్పాలి?

ఈ రోజు ఉదయం మా ఊరి బస్టాండులో పంచాయతీవారు ఒక కొత్త బోర్డు పెట్టించారు. తిరుపతి కాలేజీకి వెళ్లే ఆడపిల్లలను కొందరు పోకిరీలు రోజూ వేధిస్తున్నారని మేము ఇచ్చిన అర్జీకి అది వారి సమాధానం. "విద్యార్థినులు ఒంటరిగా తిరగరాదు. చీకటి పడకముందే ఇల్లు చేరవలెను" అని రాయించారు. పోకిరీల ప్రస్తావన ఒక్క ముక్క కూడా లేదు.

మా వీధి నేతగాని కూతురు మునిలక్ష్మి అది చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మా నాయన దీన్ని సదివితే కాలేజీ మానిపిస్తాడు అవ్వా. మగ్గం కాడ కూసోబెడతాడు."

ఆమెను వెంటబెట్టుకుని నేరుగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. ప్రెసిడెంటు మంచివాడే. బోర్డు తీసేయమని మేము అడిగితే నొచ్చుకున్నాడు.

"మీ మేలు కోరే కదమ్మా రాయించినాము?"

మునిలక్ష్మి ఊరుకోలేదు. "ఆగడాలు సేసేది వాళ్లు సార్. 'తిరగరాదు' అని మాకు రాసినారే?"

ఆయన తల గోక్కుని నవ్వేశాడు. "నిజమే పాపా, తిరగామరగా రాసేసినట్లుండాదే!"

వెంటనే పెయింటరును పిలిపించాడు. సాయంత్రానికి బోర్డు మారింది: "ఆడపిల్లలను వేధించువారు పోలీసులకు అప్పగింపబడుదురు." మునిలక్ష్మి తండ్రి దాని ముందు నిలబడి, కూడబలుక్కుని చదివాడు. తరువాత కూతురితో, "రేపు పొద్దన్నే లెయ్యి. బస్సు తప్పిపోతాది" అన్నాడు.

తప్పు చేసినవారిని వదిలి బాధపడినవారికి బుద్ధి చెప్పడం పెద్ద పెద్ద సభలకూ అలవాటేనని నా అనుమానం. మీ ఊరి బోర్డులు ఎవరిని హెచ్చరిస్తున్నాయో, దయచేసి ఒకసారి చదివి చెప్పండి.