మా ఆవిడ గురించి నేను రాసిన పేజీన్నర

వైటూకే పుణ్యమా అని సిడ్నీలో దిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పారమట్టాలో ఒక ఆఫీసులో కూర్చుని, పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసేవాణ్ణి. అంతకు మించి నేను పొడిచిందేమీ లేదు. నా రెజ్యూమె చదివితే మాత్రం, ఆస్ట్రేలియా కుప్పకూలకుండా ఆపుతున్నది నేనేనని నమ్మాల్సి వస్తుంది. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, మూడేళ్ళ అనుభవమని రాసుకున్న బ్యాచ్ మాది. అలా రాయడంలో మాత్రం నాకు నిజంగానే అనుభవం ఉంది.

పెళ్ళయి వచ్చిన మా ఆవిడ ఇంట్లో గోడలు చూసి చూసి విసిగిపోయి, టీచర్ కోర్సుకు యూనికి, అంటే యూనివర్సిటీకి, అప్లై చేస్తానంది. మీరెవరో, ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసి పంపమన్నారు వాళ్ళు. గడువు ఆ శుక్రవారమే. అది దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

"ఇలాంటివి నాకొదిలెయ్," అన్నాను.

ఆమెను ఒక్క మాట కూడా అడగకుండా ఒక్క పూటలో పేజీన్నర రాశాను. బీఎస్సీ మ్యాథ్స్ చదివిందని తెలుసు. తెనాలిలో ఏదో ట్యూషన్ సెంటర్లో రెండేళ్ళు పాఠాలు చెప్పిందనీ తెలుసు. ఆ సెంటర్ నా చేతిలో 'ప్రాంతీయ గణిత విద్యా కార్యక్రమం' అయింది. మా ఆవిడ దానికి డైరెక్టర్ అయింది. ఆస్ట్రేలియా విద్యా విధానమంటే చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆరాధన అని కూడా చేర్చాను. పెళ్ళిచూపుల్లో ఆవిడ నన్ను ఆస్ట్రేలియా గురించి అడిగిందల్లా అక్కడ కరివేపాకు దొరుకుతుందా అని.

చదివి, "ఏవండీ, ఈవిడెవరండీ?" అంది.

"ఇక్కడందరూ ఇలాగే రాస్తారు. స్ట్రాంగ్‌గా లేకపోతే చూడరు." అందరూ అంటే మా కింది ఫ్లాట్లో ఉండే ఇద్దరు ప్రోగ్రామర్లు.

అదే పంపించాను. పది రోజులకు యూని నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్ నొక్కి పక్కనే నిలబడ్డాను. అవతలావిడ ఎంతో మర్యాదగా, మీ కార్యక్రమంలో ఎంతమంది టీచర్లు పనిచేసేవారని అడిగింది. నేను పది వేళ్ళూ చూపించాను. మా ఆవిడ నా వేళ్ళ వంక చూసి, మొహం తిప్పుకుని, "నేనొక్కదాన్నే. అది మా వీధిలో ట్యూషన్ సెంటర్. ఆ స్టేట్‌మెంట్ మా హజ్బెండ్ రాశారు," అని ఇంగ్లీషులో చెప్పేసింది. నా వేళ్ళు దించడం కూడా మర్చిపోయాను.

అవతలావిడ, అయితే సోమవారంలోగా మీరే రాసి పంపండి, లేకపోతే అప్లికేషన్ పక్కన పెట్టేయాల్సి వస్తుంది అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

శనివారం మధ్యాహ్నం మా ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తనే రాసుకుంది. కుక్కతోక వంకర అన్నట్టు, నేను ఎర్రపెన్ను పట్టుకుని వెళ్ళి, "ఇటివ్వు, గ్రామర్ చూస్తాను," అన్నాను.

అరపేజీ ఉంది. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పిన ఒకమ్మాయికి ఏడాదిపాటు చెప్పానని, అయినా ఆ అమ్మాయి నాలుగోసారి కూడా తప్పిందని, తను చెప్పడంలో లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికే చదవాలనుకుంటున్నానని రాసింది. ఓటమితో మొదలుపెడతారా ఎవరైనా అని పెన్ను ఎత్తాను. చివరి రెండు వాక్యాలు అప్పుడు చూశాను. "నేను ఈ దేశానికి వచ్చి ఏడు నెలలైంది. నా గురించి నన్నడిగిన మొదటివాళ్ళు మీరే."

ఆ అరపేజీకే సీటు వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం నాకు సీటు సంగతి తోచలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాగితం ఆవిడకు తిరిగిచ్చి, "ఆ అమ్మాయి ఎందుకు తప్పిందంటావు?" అన్నాను. ఇవాళ కూరేమిటి అన్నది కాకుండా, పెళ్ళయ్యాక ఆవిడను నేనడిగిన మొదటి ప్రశ్న అదే.