ఆ గబ్బు మా అత్తది కాదు

మొన్న మనవరాలు ఫోన్లో వీడియో పెట్టి, కొత్తగా తెచ్చుకున్న గినీపందిని చూపించింది. "అవ్వా, మగది, నాలుగు నెలలుంటాయి. రోజూ బోను కడుగుతున్నా ఒకటే వాసన. ఏం చేయాల?" అని అడిగింది. తోక ఉండాల్సిన చోట చూడు, జిడ్డు పేరుకుని ఉంటుంది, అక్కడ కొబ్బరినూనె రాసి, కాసేపాగి గోరువెచ్చని నీళ్ళతో తుడువు, ఒళ్ళంతా మాత్రం కడగొద్దు అన్నాను. నీకెట్లా తెలుసని నోరెళ్ళబెట్టింది. మా అత్త చెప్పిందిలే అని ఫోను పెట్టేశాను. మిగతాది చెప్పడానికి నాకు నోరు రాలేదు. దానికి చెప్పలేనిది సిగ్గు విడిచి మీకు చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో మేము తిరుపతిలో ఒక పోర్షన్లో బాడుగకుండేవాళ్ళం. మా ఆయన ఒక కాలేజీలో ప్రయోగాల కోసం పెంచే జంతువుల గది చూసుకునేవాడు. ఎండాకాలం సెలవుల్లో ఆ గది రిపేరుకని మూసేస్తే, రెండు మగ గినీపంది పిల్లల్ని బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాడు. "నెల రోజులేమే, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. ఎవరికీ అంటే మా ఓనరమ్మకు. చెత్తలో కోడిగుడ్డు పెంకు కనబడితేనే ఇల్లు ఖాళీ చేయించే మనిషి ఆమె. ఇంక పంది అనే పేరు వింటే ఊరుకుంటుందా! అందుకని వాటిని వెనక గదిలో, మా అత్త మంచం పక్కనే, చెక్కపెట్టెలో శనక్కాయల పొట్టు పరిచి ఉంచాం. అత్తకు అవంటే ప్రాణం. "ఒరే అబ్బయ్యలూ" అని పిలుస్తూ కొత్తిమీర కాడలు తినిపించేది.

రెండు వారాలు తిరిగేసరికి అబ్బయ్యలకు వయసొచ్చింది. గురగురమంటూ, నడుము ఊపుకుంటూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం, వెనకభాగం నేలకేసి రుద్దడం. రుద్దిన చోటల్లా గబ్బు. నేను బట్టల సబ్బుతో వాటిని రోజూ కడిగాను. ఉన్న పొట్టంతా పారబోసి పెట్టెకు ఫినాయిలు పూశాను, సాంబ్రాణి వేశాను. నేనెంత కడిగితే అవంత పట్టుదలగా మళ్ళీ రుద్దేవి. ఫినాయిలు, సాంబ్రాణి, గినీపంది, ఈ మూడూ కలిస్తే ఎట్లుంటుందో చెప్పనులెండి, అన్నం తినే వేళేమో మీకు.

ఒక మధ్యాహ్నం కొళాయి దగ్గర ఓనరమ్మ నన్ను పట్టుకుంది. "ఏమ్మే, మీ ఇంట్లోంచి గబ్బు కొడతా ఉండాది. ఏం పెట్టినారు లోపల?" ఆ ఇల్లు పోతే పిల్లల బడి దగ్గర ఇంకొకటి దొరకదు. నోటికేదొస్తే అది అనేశాను. "మా అత్తకు వయసైపోయింది కదక్కా. తెలీకుండా పక్కలోనే పోసుకుంటా ఉండాది. నేను కడగతానే ఉండాను." ఓనరమ్మ ముఖం మెత్తబడింది. "అయ్యో పాపం! నీ కడుపు సల్లగుండ, బాగా సూసుకుంటా ఉండావు" అని మెచ్చుకుంది కూడా. ఆ మెప్పు మూటగట్టుకుని లోపలికొచ్చాను. ఏం మనిషిని నేను, ఛీ!

మాట నాలుగు పోర్షన్లకూ పాకింది. సాయంత్రాలు అరుగు మీద అత్త పక్కన చేరి కబుర్లు చెప్పే ఆడవాళ్ళు ఒక్కొక్కరే అరుగు ఆ చివరికి జరిగారు. ఎందుకో ఆమెకు తెలియదు. బిందె నీళ్ళకు కొట్లాడుకునే ఆ ఎండాకాలంలో రెండుపూటలా స్నానం మొదలుపెట్టింది. ఒకరోజు కొంగు వాసన చూసుకుంటూ అడిగింది: "నిజం చెప్పమ్మా, నా దగ్గర ఏమన్నా వాసనొస్తా ఉండాదా?" అదేం లేదత్తా అన్నాను, ముఖం చూడకుండా. అట్లా చెబితే ఎవరు నమ్ముతారు? "అయితే ఈ అబ్బయ్యలదేమో సూస్తా ఉండు" అని ఒకదాన్ని ఒళ్ళో వేసుకుని తిప్పి తిప్పి చూసింది. జిడ్డు కనిపెట్టింది. కొబ్బరినూనె రాసి నానబెట్టి, తడి గుడ్డతో మెత్తగా తుడిచింది. పొట్టు కూడా తడిసినంత వరకే తీసి మార్చింది. నాలుగు రోజుల్లో గబ్బు చాలావరకు తగ్గింది.

సెలవులయ్యాక అవి కాలేజీకి వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళు మాత్రం అత్త పక్కకు తిరిగి రాలేదు. ఓనరమ్మతో నేనొక్క మాట చెబితే వచ్చేవాళ్ళే. చెప్పలేదు. అప్పటికి ఇల్లు పోతుందనే భయం కూడా లేదు నాకు. మంచి కోడలనే పేరు పోతుందని భయం.

అత్త ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. ఎవరింటికి పోయినా గుమ్మం దగ్గరే కూర్చునేది. లోపలికి రమ్మంటే "ఈడే బాగుండాదిలేమ్మా, గాలొస్తుంది" అనేది. పక్కన కూర్చుని, అది నేనాడిన అబద్ధం అత్తా అనడానికి ఒక్క నిమిషం చాలు. పదకొండేళ్ళలో ఆ నిమిషం నాకు దొరకలేదు.