దెబ్బలు తిన్న ఇనుము

మొన్నామధ్య గోపాలపట్నంలో మా అమ్మాయి ఇంటికి గేటు చేయించడానికి వెళ్లి, దుకాణం బోర్డు మీద 'రాట్ ఐరన్ గేట్లు' అన్న మాట చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

డెబ్బైలలో డిప్లొమా చదివినవాళ్లకు ఆ మాట గుర్తుండే ఉంటుంది. పాఠం బట్టీపట్టామే గాని, ఇనుము ముందున్న ఆ 'రాట్' ఏమిటో మనం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చదువయ్యాక హార్బరు పక్కన ఒక చిన్న వర్క్‌షాపులో చేరి, మల్కాపురంలో అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావ ఓడల్లో సరుకు దించే కళాసీ. ఆయన తల మీదుగా లేచే బరువులన్నీ మా వర్క్‌షాపు గొలుసులకే వేలాడేవి. వాడి వాడి పెళుసెక్కిన గొలుసుల్ని అప్పుడప్పుడు కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో మెల్లగా చల్లారనివ్వడం అక్కడి ఆచారం. ఆ కాల్చడం గురించి గోడ మీదున్న పాత ఇంగ్లీషు నిబంధనలో మాత్రం 'రాట్ ఐరన్ గొలుసులు' అని ఉండేది.

ఆ మాట అంతు చూద్దామని ఒకరోజు, మధ్యాహ్నం షిఫ్టుకు ముందు, లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తెరిచాను. 'వర్క్' అనే క్రియకు ఇప్పుడు 'వర్క్‌డ్' అంటున్న చోట పూర్వం 'రాట్' అనేవారట. తమిళుల ఉరల్ మన నోట రోలయినట్టు, అక్కడా రకారం ముందుకు జరిగిందట. అంటే పని చేసిన ఇనుము, సమ్మెట దెబ్బలతో సాగిన ఇనుము. ఉక్కు వేరు, అని కింద ఇంకో వాక్యం. నా సంబరం అక్కడే ఆగిపోయింది. ఆ మధ్యే వచ్చిన కొత్త ఉక్కు గొలుసులు కూడా పాతవాటి కొక్కేలకే వేలాడుతున్నాయి. గట్టిపరిచిన ఉక్కును అలా కాలిస్తే బలం పోతుంది. ఆ రోజే కొలిమి రోజు. అలవాటు కొద్దీ అన్నీ కలిపి కాల్చేస్తారు. మర్నాడు వాటి కింద నిలబడేది బావ.

సైకిలు తొక్కుకుంటూ వర్క్‌షాపుకు చేరేసరికి, గొలుసుల కోసం వచ్చిన బావ గుమ్మంలో బీడీ కాలుస్తున్నాడు.

"ఏటి బామ్మర్దీ, అలా రొప్పుతన్నావు? మీ అక్క గాని తరిమిందేటి?"

"గొలుసులు కొలిమిలో ఎట్టీసారా?"

"కొలిమే ఎలగలేదు. రాత్రి వానకి బొగ్గు ముద్దయిపోనాది. ఆళ్లంతా టీకెళ్లిపోనారు."

తడి బొగ్గుకుప్ప అంత అందంగా నాకు మళ్లీ ఎప్పుడూ కనపడలేదు. మేస్త్రీకి సంగతి చెప్పి, ఉక్కు గొలుసులకు పచ్చరంగు పూసి వేరే గోడకు తగిలించాం.

నిన్న గేటు బిగించారు. అన్నీ వెల్డింగు చేసిన ఉక్కు ముక్కలే, ఎక్కడా ఒక్క సమ్మెట దెబ్బ లేదు. ఆ సమ్మెటలూ పోయాయి, ఆ గొలుసులూ పోయాయి, పేరొక్కటే బోర్డుల మీద మిగిలింది. ఎనభై దాటిన బావ మాత్రం గేటు పట్టుకుని రెండుసార్లు ఊపి చూసి, పడదులే అని లోపలికి నడిచాడు.