కైలాసం కట్టిన నాలుగు కమ్మీల యాంటెనా

బెల్లంపల్లిలో కైలాసానికి చెవులే పెట్టుబడి అనేవారు. బొగ్గుబాయి మీద ఆయన వైండింగ్ ఇంజన్ డ్రైవరు. మనుషులను భూమి లోపలికి దించి, షిఫ్టు అయిపోయాక పైకి తెచ్చే ఇనుప కేజ్ ఆయన చేతిలో లీవరు ఎట్లా కదిలితే అట్లా నడుస్తుంది. కింద ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో ఆయనకు కనబడదు. గంటలు వినబడతాయి, అంతే. ఒక గంట అంటే ఆపమని, రెండంటే దించమని, మూడంటే మనుషులు ఎక్కుతున్నారని. లెక్క పూర్తిగా వినబడకపోతే లీవరు మీద చెయ్యి పడదు; మళ్లీ కొట్టేదాకా ఆగాల్సిందే. ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క గంటనైనా ఊహించుకుని కదలలేదు. దేవుని దయ, ఆ చెవుల పుణ్యం, ఎంతమంది తల్లుల బిడ్డలో క్షేమంగా ఇంటికి చేరారు.

అటువంటి చెవులకు రేడియో పిచ్చి పట్టింది. రైల్వేస్టేషన్‌లో తంతి పంపే తారు మాస్టారు టకటకలాడించే చుక్కల గీతల భాషను కిటికీ పక్కన నిలబడి కొంత, ఆయన దయతో చెప్పగా కొంత నేర్చుకున్నాడు. హైదరాబాదు పోయి పరీక్ష రాస్తే రెండుసార్లు ఇంగ్లీషు అడ్డం వచ్చింది. మూడోసారి గట్టెక్కాడు. సొంతంగా రేడియోలో మాట్లాడుకునేందుకు సర్కారు ఆయనకొక లైసెన్సు, దాంతోపాటు ఆరక్షరాల పిలుపు పేరు ఇచ్చింది. ఆ కాగితాన్ని భార్య శంకరవ్వ దేవుని పటాల పక్కన పెట్టి బొట్టు పెట్టింది. మొగుని రేడియో ఏమిటో ఆమెకు అర్థం కాకపోయినా, మొగుని సంతోషం మాత్రం అర్థమైంది.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో, మామిడి పిందెలు పడే రోజుల్లో, కరీంనగర్ నుంచి కిషన్‌రావు సారు వచ్చాడు. కాలేజీలో సైన్సు చెప్పే మనిషి. ఆయనకూ ఈ రేడియో పిచ్చే. ఇద్దరికీ ఉత్తరాల స్నేహం. చంకలో ఒక పెట్టె, చేతిలో ఒక ఇన్‌లాండ్ లెటర్.

"కైలాసం, రష్యావాళ్లు మనసొంటి రేడియోవాళ్ల కోసం ఒక ఉపగ్రహం ఇడిసిండ్రు. కిందికెళ్లి నువ్వు పిలిస్తే పైన పట్టుకొని, ఇంకో మీటరు మీద మల్ల కిందికి పంపుతది. పది పన్నెండు దేశాలు ఒక్కసారి ఇంటయి. గీ పెట్టె పిలిచేటందుకు. వారం రోజులు నీదే. వచ్చే ఐతారం నేనే వచ్చి తీసుకపోత, వరంగల్‌ల పిల్లలకు సూపియ్యాలె."

"మల్ల ఎప్పుడిస్తరు సారూ?"

"ఇగ చెప్పలేను. దీనికి అడిగెటోళ్లు శానమంది ఉన్నరు."

ఉత్తరంలో ఆ వారమంతా ఉపగ్రహం ఏ రోజు ఏ నిమిషానికి బెల్లంపల్లి మీదుగా పోతుందో సారు తన చేత్తో లెక్కగట్టి రాసిపెట్టాడు. ఒక్కోసారి పదిహేను నిమిషాలు. ఆ వారంలో ఒక్క మనిషయినా పైనుంచి తన పిలుపు విని బదులిస్తే చాలు. కైలాసం కోరిక అంతే.

వినడానికి చిక్కు లేదు. రిసీవరు తనే కట్టుకున్నాడు. దానికి కావలసిన తీగ చీర పొడుగు కన్నా ఒక మూర తక్కువ. నడిమధ్య కోసి టీవీ కేబుల్ అతికించి, రెండు గుంజల మధ్య దండెంలాగా కట్టేశాడు. చిక్కంతా పిలిచే యాంటెనాతోనే. తన రేడియో పుస్తకంలో ఉన్నది చూస్తే కళ్లు తిరిగాయి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పొడుగాటి యాంటెనాలు, వాటిని ఆకాశమంతా తిప్పే రెండు మోటార్లు. ఆ మోటార్ల ఖరీదుకు రెండు బర్రెలు వస్తాయి.

పక్కింటి హనుమండ్లు ఆ గల్లీకి టీవీ యాంటెనాల మేస్త్రి. దూరపు స్టేషన్ అందాలంటే ఎత్తు కావాలి, కమ్మీలు ఎక్కువుండాలి, గట్టిగా బిగించాలి. ఊరంతా నమ్మిన శాస్త్రం అదే, కైలాసమూ నమ్మాడు.

"అన్నా, మూడు కమ్మీలకు టీవీల బొమ్మ వస్తది. నీకు ఆకాశం గావాలె, తొమ్మిది పెడుదాం," అన్నాడు హనుమండ్లు. తన దగ్గర మిగిలిన అల్యూమినియం కమ్మీలు తెచ్చి, పైసా అడగకుండా రోజంతా కూచుని కట్టాడు. ఇంటి మీద రెండు నిలువుల ఇనుప పైపు, దాని తలన తొమ్మిది కమ్మీల యాంటెనా, నాలుగు దిక్కులా బిగించిన తీగలు. కింద నిలబడి చూసినవాళ్లు టోపీ పడేటట్టు తలెత్తారు.

మంగళవారం పొద్దున ఉపగ్రహం వచ్చింది. దండెం తీగలో ముందు సన్నగా, తర్వాత తేటగా, కోయిలలు కూసినట్టు నాలుగైదు దేశాల టకటకలు. కైలాసం చుక్కలూ గీతలూ కొట్టే మోర్స్ కీని కళ్లకద్దుకుని తన పిలుపు కొట్టాడు. పైన పట్టుకున్న పిలుపు అదే క్షణంలో రిసీవరులోకి తిరిగి రావాలి. రాలేదు. అందరివీ వినబడుతున్నాయి, తనదొక్కటే లేదు.

"హనుమండ్లూ, జర ఉత్తరం దిక్కు తిప్పు," అని కిటికీలోంచి కేకేశాడు. మిద్దె మీద హనుమండ్లు పానా పట్టి పైపు తిప్పాడు. ఒక్క క్షణం, మబ్బు చాటు నుంచి అన్నట్టు, తన చుక్కలే తనకు వినబడ్డాయి. అంతలోనే పోయాయి.

"ఇప్పుడు యాడున్నదన్నా?"

"నెత్తి మీదికొచ్చింది."

"నెత్తి మీదికి ఎట్ల తిప్పాలె? పైపు ఇరిచి పండవెట్టాల్నా?"

పదిహేను నిమిషాలూ అట్లాగే గడిచాయి. బుధవారమూ అంతే, గురువారమూ అంతే. హనుమండ్లు భుజాలు పట్టేశాయి. గల్లీలో ఎవరో "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అంటే, హనుమండ్లే వాళ్ల మీద లేచాడు. "మేం ఎగురుతున్నం, నువ్వు ఉట్టి కిందనే కూసో."

శుక్రవారం కైలాసం షిఫ్టులో ఉన్నాడు. పని దిగిన మనుషులు కేజ్‌లోంచి వరుసగా బయటికి వస్తున్నారు. వాళ్ల టోపీలకు దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. ఒక్కో దీపం, ఆ మనిషి తల ఎటు తిప్పితే అటే, దూరంగా పడుతుంది. పక్కనున్న గుంట మాత్రం కనబడదు. బాయి ముంగిట పెద్ద దీపం అట్లా కాదు. దాని వెలుగు అంత దూరం పోదు గాని, ముంగిలంతా ఒక్కతీరుగా పడుతుంది, ఎవరూ తిప్పే పని లేదు.

కైలాసం లీవరు వదలలేదు గాని, మనసు మాత్రం ఇంటికి పరుగెత్తింది. హనుమండ్లు కట్టిన తొమ్మిది కమ్మీలది టోపీ దీపం తీరు. కదలని స్టేషనుకు అది బంగారం. తనకు కావలసింది ముంగిలి దీపం. పుస్తకంలో చివరి పేజీల్లో అటువంటిదొకటి ఉంది. మరీ చిన్నదని, చవకదని తనే తీసిపారేశాడు.

ఆ చిన్నదానికి నాలుగే కమ్మీలు. ఒక్కొక్కటి మూర మీద మూడు వేళ్లు. వాటిని కూడిక గుర్తులాగా అడ్డంగా పరచాలి. రెండు జతల మధ్య జానెడున్నర కేబుల్ ముక్క కట్టాలి, ఒక జత కన్నా ఇంకొక జతకు కరెంటు రవ్వంత వెనక చేరేటట్టు. అప్పుడు పైన ఉపగ్రహం ఎంత దొర్లినా ఈ కమ్మీలకు ఫికర్ లేదు. కింద ఇనుప జాలి పరిస్తే పిలుపంతా ఆకాశానికే పోతుంది. కమ్మీలు హనుమండ్లు యాంటెనాలోంచే వస్తాయి. ఆ మాట చెప్పడానికి కైలాసానికి నోరు రాలేదు. శంకరవ్వే చెప్పింది.

హనుమండ్లు తన యాంటెనా వైపు ఒకసారి చూశాడు. తర్వాత పానా తీసుకుని మిద్దె ఎక్కాడు. "దించుడు ఎక్కిచ్చుడంత కష్టం గాదు తియ్యన్నా. జాలి యాడ తెస్తవు?"

జాలి వెనకింటి బాలవ్వ దగ్గరుంది, కోళ్ల గూటికి. ఆమె అడగ్గానే ఊడదీసి ఇచ్చింది. "రెండొద్దులు కోళ్లను గంప కింద మూస్త. పిల్లి రాకుంట నేనే సూసుకుంట, నువ్వు నీ పని సూస్కో బిడ్డా."

శనివారం పొద్దున పైపు లేదు, తీగల్లేవు. మిద్దె మీద నడుమెత్తు కర్రకు నాలుగు కమ్మీలు, కింద కోళ్ల జాలి. దారిన పోయేవాళ్లకు కనబడను కూడా కనబడలేదు. ఉపగ్రహం వచ్చింది. కైలాసం కీ నొక్కాడు.

తన పిలుపు తిరిగి వచ్చింది. ఉత్తరాన ఉండగా వచ్చింది, నెత్తి మీదికి చేరినా వచ్చింది, కొద్దికొద్దిగా శ్రుతి దిగుతూ వస్తూనే ఉంది. శంకరవ్వ చేతిలో చాయ గ్లాసుతో అట్లాగే నిలబడిపోయింది.

"గది నువ్వేనా?"

"నేనే. పైకి పోయొచ్చిన."

అప్పుడే ఇంకెవరో పిలిచారు. కైలాసం పిలుపు పేరులో నాలుగు అక్షరాలు వినబడ్డాయి, చివరి రెండూ గాలిలో కలిసిపోయాయి. కైలాసం చెయ్యి కీ మీది నుంచి లేచి ఒళ్లో పడింది. మళ్లీ పూర్తిగా వచ్చేదాకా ఆగాడు. అవతల మనిషీ ఆగాడు. ఆ మౌనంలోనే ఉపగ్రహం దక్షిణాన దిగిపోయింది.

ఆదివారం పొద్దున్నే కిషన్‌రావు సారు బస్సు దిగాడు. ఇక మిగిలింది ఉపగ్రహానిది ఒక్క పయనమే, పది గంటల పది నిమిషాలకు. ముందు రోజు సంగతంతా విని సారు అడిగాడు, "మరి నువ్వెందుకు జవాబియ్యలే?"

"సగమే ఇనవడ్డది సారూ. సగం గంటకు చెయ్యి కదుపద్దు గద."

సారుకు నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్ల అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. మెల్లగా అన్నాడు, "బాయి మీద నువ్వు చేసేదే ధర్మం. గీడ తప్పు ఇన్నా ఎవ్వల పాణం పోదు. సగం ఇనవడితే మల్ల చెప్పుమని అడుగు. అడుగుడు సుత మర్యాదనే."

పది గంటలకు హనుమండ్లు గుమ్మంలో, బాలవ్వ అరుగు మీద, సారు స్టూలు మీద. కైలాసం స్నానం చేసి బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. తొలి నిమిషంలోనే తన పిలుపు తిరిగి వచ్చింది. రెండో నిమిషం, మూడో నిమిషం పిలుస్తూనే ఉన్నాడు. ఎనిమిదో నిమిషంలో ఎవరో అందుకున్నారు. తన పిలుపు పేరులో అయిదక్షరాలు వినబడ్డాయి. ఆరోది మునిగిపోయింది.

చెయ్యి లేవబోయింది. కైలాసం ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తనే కీ మీదికి దించాడు. రెండు చుక్కలు, రెండు గీతలు, రెండు చుక్కలు. మళ్లీ చెప్పవా అని అడిగే గుర్తు అది.

ఒక్క క్షణం గురగుర. తర్వాత ఆరక్షరాలూ, ఒకదాని వెంట ఒకటి, దండలో పూలలాగా.

ఆ తర్వాత కైలాసం చెయ్యి ఆగలేదు. కైలాసం ఎంత తేటగా వినబడుతున్నాడో అవతలి మనిషి చెప్పాడు. ఇతను అతనికి చెప్పాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. అతని పేరు రుస్తం, ఊరు తాష్కెంట్. ఇక రెండు నిమిషాలే ఉండగా వీడ్కోలు గుర్తులు రెండు దిక్కులా నడిచాయి. టకటకలు పలచబడి, పలచబడి, గాలి చప్పుడు మిగిలింది.

సారు చేయి చాచాడు. కైలాసం ఆ చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. హనుమండ్లు మిద్దె వైపు తలెత్తి, "నాలుగు కమ్మీలకే," అన్నాడు, ఎవరికో కొత్త సంగతి చెప్పినట్టు.

అరుగు మీది నుంచి బాలవ్వ అడిగింది. "గాయిన ఏమన్నడు బిడ్డా?"

"గాడ వాన పడుతున్నదట అవ్వా."

"గంతేనా?"

"గంతే."

"మరి గాయిన మంచిగున్నడా?"

"ఉన్నడవ్వా. మంచిగనే ఉన్నడు."

"గట్లనే ఉండనియ్యి," అని బాలవ్వ కొంగు సర్దుకుని లేచింది.