సావిత్రి ఆంటీ మేడిచెట్టు

సైన్స్ పార్క్‌లో మా ఆఫీసు వెనక దారిన నడుస్తుంటే ఒక్కోసారి మేడిపండ్లు మగ్గిన పుల్లటి తీపి వాసన తగులుతుంది. తోటివాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం కాలు ముందుకు పడదు. ఆ వాసన కోసం సావిత్రి ఆంటీ ఎన్నేళ్లు ఎదురుచూసిందో వాళ్లకేం తెలుసు.

చదువుకునే రోజుల్లో క్లెమెంటిలో ఆమె ఫ్లాట్‌లోనే ఒక గదిలో అద్దెకుండేదాన్ని. ఆంటీ ఈ ద్వీపదేశంలోనే పుట్టి పెరిగింది. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. బ్లాకు కింది తోటలో ఆమె నాటిన మేడి మన ఊళ్లలో కనిపించే రకం కాదు. ఈ ద్వీపపు అడవిదే, ఇప్పుడు ఎక్కడో ఒకటీ అరా మిగిలింది. రోడ్డు కోసం కొట్టేసిన చెట్టు నుంచి కొమ్మ తెచ్చి బతికించుకుంది. చెట్టు విరగకాసేది. కానీ కాయలన్నీ పచ్చిగానే రాలిపోయేవి.

"ఎరువు తక్కువైందేమో ఆంటీ," అన్నానొకసారి, నాకేదో పెద్ద తెలిసినట్టు.

"ఎరువు తినీ తినీ నాకంటే లావైంది లా," అని ఇక్కడివాళ్ల యాస కలిపి నవ్వింది. "దీని పువ్వులు కాయ లోపలే ఉంటాయి. దూరి పుప్పొడి చేర్చేది ఒకే ఒక్క జాతి పురుగు, ఇంతే ఉంటుంది. అది గాలికి కొట్టుకొచ్చి ఈ చెట్టును వెతుక్కోవాలి. రాకపోతే గింజ లేదు, పండు లేదు, పిట్టలకు మకాన్, అదే తిండి, లేదు. ఏం తింటాయవి? చెట్టు గొడ్డుగానే పోతుంది, నా కళ్లముందే."

రాలిన కాయల మీద జారిపడతామని పక్కింటివాళ్లు సణిగితే ఆమే చీపురు పట్టుకుని దిగేది. కొన్నింటిని గోటితో చీల్చి చూసి బుట్టలో వేసేది. ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. హాయిగా ఏ మామిడో నాటుకోవచ్చు కదా అనిపించేది.

మోకాళ్లు మొరాయించాక కూతురు ఆమెను వుడ్‌ల్యాండ్స్‌లోని తన ఇంటికి తీసుకెళ్లింది. చీపురు నా చేతికొచ్చింది. ఒక ఉదయం ఊడుస్తూ తలెత్తితే, ఆకుల మధ్య ఒక్క కాయ ఎర్రగా కనిపించింది. వెంటనే వీడియో కాల్ చేశాను. ఆంటీ కళ్లజోడు సర్దుకుని, ఫోన్‌కు మొహం ఆనించి చాలాసేపు చూసింది.

"ఉండండి, కోసి చీల్చి చూపిస్తా. పురుగు వచ్చిన జాడ లోపలుంటుందిగా," అని చెయ్యి పైకెత్తాను.

"చెయ్యి తియ్యవే. అది పిట్టది. తిని ఎక్కడో గింజ వేస్తుంది, వెయ్యనీ."

"ఇన్నేళ్లు ఎదురుచూశారు, మీరు చూడొద్దా?"

"నేను చూడకపోతే దానికేం తక్కువ?" అంది. మొహం మాత్రం ఫోన్ నుంచి తియ్యలేదు.

మర్నాటికి కొమ్మకు ఆ పండు లేదు. ఫోన్‌లో చెబితే, "ఏ పిట్ట?" అని ఆత్రంగా అడిగింది. చూడలేదన్నాను. "పోనీలే," అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ ఏడాది తిరక్కుండానే పోయింది. ఆమె పోయాక ఆ ఫ్లాట్‌లో ఉండలేకపోయాను.

ఇప్పుడు మొక్కలు పెంచడమే నా ఉద్యోగం. ఏ కొమ్మకు తొలి పండు కనిపించినా చెయ్యి పైకి లేస్తుంది. సగంలోనే ఆగిపోతుంది.