పెద్దమ్మ రొట్టె తిన్న గట్టు

పెద్దమ్మ పోయిందని నాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది. పటాన్‌చెరు అంగడిలో వంకాయలు ఏరుకుంటుంటే ఆవిడ కోడలు కనిపించింది. "పెద్దమ్మ ఈమధ్య రావడం లేదేం? ఒంట్లో బాగుందా?" అని అడిగాను. ఆ పిల్ల నా వంక వింతగా చూసింది.

"అత్త సచ్చిపోయింది గదమ్మా. దినాలు గూడ అయిపోయినయ్. మీ ఆఫీసుకు మనిషిని తోలినం. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. మర్నాడు టౌన్‌షిప్ ఆఫీసుకు వెళ్లి నోటీసు బోర్డు చూశాను. పూల పోటీల గురించి ఉంది, కుళాయి నీళ్ల వేళలు ఉన్నాయి, ఎవరిదో బొచ్చుకుక్క తప్పిపోయిందని కూడా ఉంది. గుమాస్తాని అడిగితే, "ఆమె మస్టర్లో లేదు కదండీ" అన్నాడు. మస్టరంటే రోజుకూలీల హాజరు పుస్తకం. అందులో పేరు లేనివాళ్లకి చావు కూడా ఉండదు కాబోలు.

ఆవిడని తలుచుకుంటూ నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రాస్తున్నకొద్దీ కోపం వస్తోంది. రానీ. మీరు మన్నించక్కర్లేదు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా టౌన్‌షిప్ తోటపనిలో రోజుకూలీ, పక్క ఊరి మనిషి. క్వార్టర్లలో అందరం పెద్దమ్మా అనే పిలిచేవాళ్లం. ఇన్నేళ్లలో ఆవిడ అసలు పేరేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి నాకు మొన్న అంగడిలో నిలబడ్డప్పుడు తట్టింది.

అరవైల చివర, పెళ్లయిన కొత్తలో, మావారికి ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరు ఉద్యోగం వస్తే గోదావరి కాలవ పక్క నుంచి వచ్చిపడ్డాను. మాకిచ్చిన క్వార్టరు చివరి వరసలోది. పెరటి వెనక నిలువెత్తు మొరం గట్టు, గట్టు పైన రోడ్డు. చినుకు పడితే ఎర్రనీళ్లు తిన్నగా వంటింటి గుమ్మంలోకి వచ్చేవి. పెరట్లో వేపచెట్టు కింద గడ్డిపోచ మొలిచేది కాదు. స్నానాలగది తూము దగ్గర ఎప్పుడూ బురదే. పడమటి గోడ వారన ఏ మొక్క పెట్టినా మాడిపోయేది. మా వైపు పుల్ల గుచ్చినా చిగురేస్తుంది. ఇదేం నేలరా దేవుడా అని రోజూ తిట్టుకునేదాన్ని.

అయినా ఊరుకోలేదు. గట్టు నిండా గడ్డి దుబ్బులు తెచ్చి గుచ్చి, పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్లు కుమ్మరించాను. కాలవ కింద పుట్టినవాళ్లకి తెలిసిన వైద్యం అదొక్కటే. మొక్క వాడితే నీళ్లు, చస్తే ఇంకాసిని నీళ్లు. వారం తిరక్కుండా గడ్డీ మన్నూ కలిసి పెరట్లోకి జారాయి. రోడ్డు పక్కన కలుపు తీస్తున్న పెద్దమ్మ పార భుజానేసుకుని దిగొచ్చింది.

"ఏందమ్మా గట్ల గుమ్మరిస్తున్నవ్? గట్టుకు తానం జేపిస్తున్నవా?"

"మరి నీళ్లు పోయకపోతే ఎలా బతుకుతుంది పెద్దమ్మా?"

"మీ దిక్కు నీల్లు ఎక్కువ. గందుకే బుద్ధి జెర నానింది" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది కానీ, ఆవిడ చెప్పింది నిజమేనని గట్టే చెబుతోంది.

వెంటనే ఏదో నాటేస్తుందనుకున్నాను. నాటలేదు. మధ్యాహ్నం మూట విప్పి, గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింది. మర్నాడు వేపచెట్టు కింద కూర్చుని తింది. ఆ మర్నాడు ముక్కు మూసుకోకుండా తూము పక్కన. ఇదేం పిచ్చి అనుకున్నాను. అడిగితే, "ముందుగాల జాగను సూడాలె బిడ్డా, మొక్కను ఎనుక సూడాలె. మనం కూసోని బుక్కెడు తినలేని జాగల మొక్క ఎట్ల తింటది?" అంది. ఎండ ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, నేల చల్లగా ఉందా కాగుతోందా అన్నీ ఆవిడ అలా కూర్చునే తెలుసుకునేది. తెలియని చోట ఒక్క మొక్క పెట్టేది కాదు.

ఆ తర్వాత ఒక్కోచోటికి ఒక్కోటి తెచ్చింది. కాగే గోడ వారన నాచుపూలు. వేపనీడలో వంకాయరంగు ఆకుల తీగ, దాని పేరు ఇవాళ్టికీ నాకు తెలియదు. తూము దగ్గర పొన్నగంటి. "కోసుకోని వండేవు, వద్దు. సబ్బునీల్లు తాగి పెరిగింది" అని చెప్పి మరీ వెళ్లింది. గట్టు మీదికి మాత్రం తడిగోనెలో చుట్టి ఒక పాకుడు మొక్క తెచ్చింది. చెరువు కాడి ఆకు అనేది. మా అమ్మ వచ్చినప్పుడు చూసి, ఇది మన బొక్కెనాకే అంది. చిన్న ఆకులు, గుండీలంత పూలు, కణుపు కణుపుకీ వేరు. ఆవిడ దాన్ని అడుగుకొకటి చొప్పున గట్టుకి అడ్డంగా నాటి, నెలరోజులు మాత్రం చెంబుతో నీళ్లు చిలకరించమంది. "తర్వాత నువ్వు సూడకు. అది నిన్నేం అడగది" అంది.

రెండు వానాకాలాలు తిరిగేసరికి గట్టంతా అల్లుకుపోయింది. పిల్లలు దాని మీద జారినా, మేకలు తొక్కినా చెక్కుచెదరలేదు. నేను కత్తెర పట్టలేదు, కలుపు తీయలేదు. మా వరసలో అందరూ పెద్దమ్మని పిలిపించుకుని గట్టు పొడుగూతా అదే వేయించుకున్నారు. వంటింట్లోకి ఎర్రనీళ్లు రావడం ఆగింది.

అప్పుడు కొత్త ఆఫీసరు దిగాడు. ఎవరో పెద్దమనిషి ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నాడట, ఆయన కారు గట్టు మీది రోడ్డున వెళుతుందట. గట్టు నిండా ఈ పిచ్చిమొక్కలేమిటి, గీకేసి పచ్చిక పరవండి అన్నాడు. పెద్దమ్మ పార కింద పెట్టేసింది.

"మిరుగు కార్తె పదిదినాలల్ల ఉంది సారూ. ఇప్పుడు గీకితే గట్టు ఆగది. వానలు పోయినంక జెయ్యండ్రి, నేనే గీకుత."

ఆ ఒక్కమాట వింటే సరిపోయేది. వినలేదు. పైగా, కూలిమనిషి ఎదురు చెప్పిందన్న ఉక్రోషం కొద్దీ ఒక కాగితం తయారు చేయించాడు. పచ్చిక వేయించమని క్వార్టర్లవాళ్లమే కోరినట్టు రాసి, సంతకాలకి ఇంటింటికీ పంపాడు. మావారి ప్రమోషను ఫైలు అప్పుడు కదులుతోంది. "పెట్టేయ్, మనకెందుకు గొడవ" అన్నారు. పెట్టాను.

మధ్యాహ్నం పెద్దమ్మ గట్టు మీద రొట్టె తింటూ అడిగింది. "నువ్వు గూడ ఏసినవా బిడ్డా, సంతకం?"

"వేశాను పెద్దమ్మా."

మిగిలిన రొట్టె మూట కట్టేసింది. "సరే తియ్. నీ మొగడు కొలువు జేస్తుండు గద" అంది. ఆ మాటకి బదులు ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను ఈపాటికి మర్చిపోయేదాన్ని.

వేరే కూలీల చేత గీకించారు. లారీల్లో పచ్చిక తెచ్చి పలకలు పలకలుగా పరిచారు. పెద్దమనిషి కారు అద్దాలు ఎత్తుకుని వెళ్లిపోయింది. నాలుగో రోజు పొద్దున్నే మొదటి వాన పట్టుకుంది. నేను పాలు కాస్తున్నాను. పచ్చికంతా చాప జారినట్టు జారింది, వెనకే మొరం. మా స్నానాలగది గోడ కూలిపోయింది. మా చంటిది రోజూ ఆ గోడ పక్కనే ఆడుకునేది, ఆవేళ జ్వరంతో మంచంలో ఉంది కనుక బతికింది.

ఆఫీసరు గొడుగేసుకుని వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా ఆకులన్నీ అప్పటికే గీకించేశాడాయె. తోట కూలీలు గడ్డి సరిగా నాటలేదు, అందులో పాతమనిషి మొండికేసింది, అందుకే ఇలా జరిగిందని తేల్చాడు. "ఏం జరిగిందో మీరు చూశారా?" అని నన్ను అడిగాడు. మావారు పక్కనే ఉన్నారు. "నాకు తెలీదండి" అన్నాను. పదిరోజుల ముందే పెద్దమ్మ హెచ్చరించింది నా పెరట్లో నిలబడే. నా చెవులతో విన్నాను. నాకు తెలీదండి అన్నాను.

తొమ్మిదేళ్లుగా మస్టర్లో ఉన్న మనిషి. ఆ నెలలోనే పర్మనెంటు చేస్తామన్న జాబితాలో ఆవిడ పేరు ఉందట. అక్కడా కొట్టేశారు, మస్టర్లోనూ కొట్టేశారు. ఆఫీసరు మాత్రం బదిలీ మీద ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్లాడు. దున్నపోతు మీద వాన కురిస్తే ఏం, గోడ కూలింది మాది, బువ్వ పోయింది ఆవిడది.

ఆవిడ పని పోయిన మూడోరోజు పొద్దున పెరట్లో పార చప్పుడు. పెద్దమ్మ, పక్కన తడిగోనె, అందులో బొక్కెనాకు. గుమ్మం దిగి దగ్గరికి వెళ్లాను. "నా మీద కోపం లేదా పెద్దమ్మా?" అన్నాను.

"ఎందుకు లేదు? మస్తుగుంది. గట్టేం జేసింది?" అంది, తల ఎత్తకుండా.

నేనూ వంగి నాటడం మొదలుపెట్టాను. రెండు వరసలు నాటాక తనే చెప్పింది. "గిది మా చెల్క గెట్టు బిడ్డా. మా మామ పోసిండు, కంపెనోల్లు దాన్నే ఎత్తు జేసి రోడ్డేసిండ్రు. కింద జొన్నలు ఏస్తుంటిమి. గీ మీ వంటిల్లున్న కాడ మా మంచె ఉండె."

నా చేతిలో కణుపు అలాగే ఉండిపోయింది. అన్నేళ్లు నేను పనికిమాలిన నేలని తిట్టింది ఆవిడ చేనునే. జాగా ఫ్యాక్టరీకి పోయింది, ఆ జాగాలోనే ఆవిడ కూలికి వచ్చింది, ఆ కూలి కూడా మా సంతకాలతో పోయింది. నేను తిట్టినప్పుడల్లా విని కూడా, ఇది మాదే అని ఆవిడ ఒక్కసారి అనలేదు. ఎందుకనలేదని నాకిప్పుడు ఆవిడ మీద కూడా కోపమే.

ఏడాదికి గట్టు మళ్లీ పచ్చబడింది. ఆఫీసువాళ్లు దాన్ని ఫోటో తీయించి గోడకి తగిలించుకున్నారు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. పెద్దమ్మ వారానికోసారి అంగడికి వచ్చి, వెళ్తూ వెళ్తూ గట్టెక్కి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని రొట్టె తినేది. నేను పచ్చడి వేసి ఇచ్చేదాన్ని. మా పచ్చళ్లలో కారం తక్కువని ప్రతిసారీ వంక పెట్టేది. ఆఫీసుకి వెళ్లి, ఆవిడ తప్పు లేదు, నేను విన్నాను అని చెబుదామని ప్రతిసారీ అనుకునేదాన్ని. మావారికి ప్రమోషను వచ్చింది. తర్వాత చెబుదామనుకున్నాను. దగ్గు మొదలై ఆవిడ రావడం తగ్గాక కూడా, బాగయ్యాక చెబుదామనే అనుకున్నాను.

మొన్న అంగడి నుంచి వచ్చి, వంకాయలు గుమ్మంలో పడేసి గట్టెక్కాను. ఆవిడ కూర్చునే చోట పీటంత మేర నేల నున్నగా, ఎర్రగా ఉంది. ఇన్నేళ్ల కూర్చోవడానికి అక్కడ ఏమీ మొలవలేదు. ఆవిడ రాని ఈ నెలరోజుల్లో మాత్రం నాలుగు వైపుల నుంచీ బొక్కెనాకు దాని మీదికి పాకి వస్తోంది. ఒక కణుపు అప్పుడే వేరు కూడా దించింది. జాగ ఖాళీగ ఉంచుతరా అని ఆవిడే ఉంటే కసిరేది. వంగి ఆ తీగల్ని ఒక్కొక్కటే లాగి వెనక్కి మడిచాను.

ఏ చాకిరీ కోరని మొక్క అది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం దానితో నాకు ఇదొక పని.