గండయ్య వల ముడి

శామీర్‌పేట చెరువులో వలలు విసిరి విసిరి భుజాలు పడిపోయాక, గండయ్య కాలేజీ ఫుట్‌బాల్ జట్టు జెర్సీలకు మరమ్మతు చేసేవాడు. తొంభైలలో కొత్తగా వచ్చిన నీలం జాలీ బట్ట అది. చేతికి రాగానే వెలుతురుకెత్తి, వల కన్నులు చూసినట్టే చూసేవాడు. వీపు మీది గరుకు అంకెను బొటనవేలితో రుద్దేవాడు. పక్కన దిగే తెల్ల పట్టీ కాయలు కాసిన వేళ్ల కింద నున్నగా జారితే తనలో తనే నవ్వుకునేవాడు. చినుగు కనబడితే మాత్రం మొహం మాడ్చుకునేవాడు. వలకు చినుగుంటే చేప పోతుంది, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే జెర్సీకీ వల దారమే, వల ముడే.

ఒకనాడు జట్టులో ఆడే మహిపాల్ మోకాలు చెక్కుకుపోయి కుంటుతూ వచ్చాడు. గోల్ ముందర ఎవడో వెనకనుంచి జెర్సీ పట్టి గుంజాడట. "తాతా, నువ్వు కుట్టిన కాడనే పట్టిండు. చినిగితే ఉరికి గోల్ కొడ్తుంటి. వలల చేప లెక్క దొరికిపోయిన!" అని నవ్వాడు. గండయ్య నవ్వలేదు. ఆ మోకాలినే చూస్తూ, "ఇటియ్యి బిడ్డా" అని జెర్సీ అందుకున్నాడు. వల దారం కోసేసి, భార్య సాలమ్మ రవికెలు కుట్టుకునే సన్న దారం సూదికెక్కించాడు.

"గుంజితే తెగుతది గదయ్యా," అంది సాలమ్మ.

"తెగనియ్యే. పోరడు ఉరకాలె."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చేప తప్పించుకుపోవాలని కుట్టాడు గండయ్య.